దిబ్బ మీద ఇద్దరు ప్రెసిడెంట్లు

జనవరి 20, 2003

పంచాయతీ ఆఫీసులో అడుగు పెట్టగానే సెక్రటరీ మూర్తిగారు కాయితం ఒకటి ముందు పెట్టారు. కోడూరు రోడ్డు నుంచి మన ఊరికి రోడ్డు వేయాలంటే మెరక చేయాలి, మెరకకి మట్టి కావాలి, ఆ మట్టి ఊరి తూర్పున ఉన్న దిబ్బ నుంచి తవ్వుకుంటారు. అనుమతి ఇస్తూ ప్రెసిడెంటు సంతకం. ఇక్కడండీ, అని వేలితో చూపించారు.

రోడ్డు... ఓట్లడిగినప్పుడు ఇంటింటికీ నేనిచ్చిన మాట. ఏడాదిన్నర తిరిగి తెచ్చుకున్న పని. పెన్ను మూత తీశాను. స్థలం పేరు రాయాల్సిన చోట ఖాళీ. పేరు రాయలేదేం మూర్తిగారూ అంటే, ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, 'మీ ముందు ఎట్లా రాయనమ్మా' అన్నారు.

నాకూ చెయ్యి రాలేదు. రేపు చూద్దామని లేచి వచ్చేశాను.

జనవరి 21

కాపురానికి వచ్చిన వారంలో అత్తగారు చెప్పింది – దాన్ని 'ఆ దిబ్బ' అనాలి, అంతే. మగవాళ్లు అసలు పేరుతోనే పిలుస్తారు, కాస్త నవ్వుతూ. ఆడవాళ్లని తిట్టే మాటకి దిబ్బ తగిలించి పెట్టిన పేరు. సర్వే రికార్డులో కూడా అదే. ఈ పేజీ ఎవరూ చూడరు. అయినా రాయలేకపోతున్నాను.

మూడు నిలువుల ఎత్తు. పైన తుమ్మ పొదలు, మేకలు. మూరెడు పొడుగు ఇటుకలు... ఒక్కోటి మోయాలంటే రెండు చేతులూ కావాలి. వానపడితే పూసలు బయటపడతాయి, ఆడపిల్లలు ఏరుకుని దండ గుచ్చుకుంటారు. ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో మాలో ఎవరికీ తెలీదు.

జనవరి 23

వెంకటరత్నం గారు కబురు పెడితే వెళ్లాను. నాకు ముందు పదిహేనేళ్లు ఆయనే ప్రెసిడెంటు. కాంట్రాక్టరు ఆయన అల్లుడే. అరుగు మీద కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, నెమ్మదిగా చెప్పారు. వానలు పడేలోగా మెరక అవ్వకపోతే పని ఇంకో ఊరికి పోతుంది. దిబ్బలో ఇటుక ముక్కలు తప్ప ఏముంది. పోయిన శ్రావణంలో నెలలు నిండిన పిల్లని నులకమంచం మీద బురదలో మోసుకెళ్లాం, మర్చిపోయావా.

మర్చిపోలేదు. ఆ మంచం ఒక కాలు పట్టుకుంది నేనే. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఇబ్బంది.

జనవరి 25

సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అడిగితే చెప్పడానికి నా దగ్గర కారణం లేదు.

జనవరి 28

ఈయన మధ్యాహ్నం ట్రిప్పులో ఒక తెల్లావిణ్ణి ఇంటికి తీసుకొచ్చారు.

బందరు–కోడూరు బస్సులో కండక్టరుగా ఇన్నేళ్లలో ఈయన ఇంటికి తెచ్చినవి – మర్చిపోయిన గొడుగులు, ఒకసారి ఒక కోడిపుంజు. ఇప్పుడు మనిషి. ఆవిడ టిక్కెట్టు చల్లపల్లి వరకేనట. అక్కడ దిగి ఘంటసాల వెళ్లి పాత బౌద్ధుల రాళ్లు చూద్దామని. ఈయన తనకి వచ్చిన ఇంగ్లీషులో, అలాంటి రాళ్లు మా ఊళ్లోనూ ఉన్నాయి, మా ఆవిడే ప్రెసిడెంటు అన్నారట. ఆవిడ బస్సులో లేచి నిలబడి, నేనూ మా ఊరికి ప్రెసిడెంటునే, అందట. ఘంటసాల రేపు చూస్తాను, పదండి అందట.

యాభై దాటినట్టుంది. పొట్టి జుట్టు, బూట్ల నిండా దుమ్ము. గ్రీకు దేశం. గుడ్లవల్లేరులో ఇంజినీరింగ్ చదువుతున్న మా ప్రసన్న పరీక్షలై ఇంట్లోనే ఉండబట్టి సరిపోయింది – ఇటు మాట అటు, అటు మాట ఇటు. వీధి వీధంతా మా గుమ్మంలో.

రొయ్యల వేపుడు, పప్పుచారు. చేత్తోనే తింది. నిమ్మకాయ ఉందా అని అడిగింది. రొయ్యల మీద పిండుకుంది, అన్నం మీద పిండుకుంది, చివరికి పప్పుచారులో కూడా. ఈయనకి నవ్వాగక పెరట్లోకి వెళ్లిపోయారు.

తింటూ తింటూ నా పేరుకి అర్థం ఏంటని ప్రసన్నని అడిగింది. సువార్త అంటే మంచి కబురు అని చెప్పింది ఇది. ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. గుండె మీద వేలు పెట్టుకుని ఏదో అంది. ప్రసన్న కళ్లు ఇంత చేసుకుని నా వైపు తిరిగింది – 'అమ్మా, ఈవిడ పేరు ఎవాంగెలియా అంట. వాళ్ల భాషలో దానికీ అదే అర్థం అంట.'

కాసేపు ఇద్దరం అన్నం చేతులతో అలాగే ఒకరినొకరు చూసుకున్నాం. తర్వాత నవ్వు. ఆపితే ఆగని నవ్వు.

జనవరి 29

పొద్దున్నే దిబ్బకి తీసుకెళ్లాను. బూట్లు విప్పి ఎక్కింది. మేం ఎప్పుడూ చెప్పులు వదల్లేదు... నేనూ వదిలేశాను.

మోకాళ్ల మీద కూర్చుని ఇటుకల వరస చేత్తో తుడిచింది. ఇటు చూడు, ఇది గుండ్రంగా తిరుగుతోంది, అంది. ఇరవై మూడేళ్లుగా దాని పక్కనే నడుస్తున్నాను, గుండ్రంగా తిరుగుతోందని చూడలేదు. రెండు వేల ఏళ్ల కిందట వాళ్ల దేశపాయన ఒకడు లోకంలోని ఊళ్లన్నీ పేర్లతో రాసి పెట్టాడట. అందులో మన కృష్ణ కలిసే తీరం కూడా ఉందట. ఓడలు వచ్చేవట. చిన్నప్పుడు బళ్లో ఆ పేర్లు చదివి, అక్కడ ఎవరుంటారో చూడాలనుకుందట. 'నువ్వున్నావు' అంది.

దిగి వస్తుంటే నాంచారమ్మ బట్టలుతుకుతోంది. ఆవిడ ఉతికే రాయి చూసి ఎవాంగెలియా ఆగిపోయింది. బకెట్టు అందుకుని సబ్బు నురగంతా కడిగింది. తామరపువ్వు. పెద్దది, రేకు రేకూ విడిగా. నాంచారమ్మకి డెబ్బై ఏళ్లు పైనే, నోరు పెద్దది. పువ్వని నాకు తెలుసులే, మురికి బాగా పోతుంది ఆ గాట్లకి, అంది. ప్రసన్న ఆ మాట కూడా ఇంగ్లీషులో చెప్పింది. ఎవాంగెలియా నాంచారమ్మని కావిలించుకుంది. తడి చేతులతో ఈవిడా కావిలించుకుంది.

సాయంత్రం మళ్లీ దిబ్బ మీదే. వాళ్ల ఊరి సంగతి చెప్పింది. మునిసిపాలిటీ అని పేరే గానీ మన పంచాయతీకంటే చిన్నది. కొండ, మేకలు, ఒకటే బస్సు. గోధుమలు నూర్చే కళ్లం కింద పాతకాలపు నాటకశాల ఉందని చాలా ఏళ్లు ఎవరికీ తెలీదట. వాళ్ల తాత దున్నుతుంటే పాలరాతి మనిషి బొమ్మ దొరికింది, ఒంటి మీద నూలుపోగు లేదు. తెచ్చి ఆఫీసులో నిలబెడితే ఆడవాళ్లు ఆఫీసుకి రావడం మానేశారు. వాళ్ల నాయనమ్మ ఒకరోజు వెళ్లి, తన నడుముకున్న గుడ్డ విప్పి, బొమ్మకి కట్టి వచ్చిందట. ఏళ్ల తరబడి ఆ గుడ్డతోనే ఉందట. పండక్కి మార్చేవాళ్లట.

నవ్వీ నవ్వీ కడుపునొప్పి. అప్పుడు అడిగింది – ఈ దిబ్బ పేరేంటి?

ప్రసన్న తల దించుకుంది. చెప్పమన్నాను. ఇంగ్లీషులో చెప్పింది, నా వైపు చూడకుండా. ఎవాంగెలియా నవ్వలేదు. ఇలాంటి చోట్ల బౌద్ధ సన్యాసినులు ఉండేవారని, ఇల్లూ మొగుడూ లేకుండా చదువుకునే ఆడవాళ్ల మీద అక్కసుతో ఈ పేర్లు వచ్చాయని కొందరంటారని, బందరులో ఒక లెక్చరరు గారు చెప్పారట. నిజమో కాదో తెలీదు అని కూడా అంది.

నిజమో కాదో. కానీ నేను నామినేషన్ వేసిన రోజు పాలకేంద్రం గోడ మీద బొగ్గుతో రాసిన మాట కూడా అదే. ఈయన పొద్దున్నే లేచి సున్నం కొట్టేశారు. నాకు తెలీదనుకుంటున్నారు.

రోడ్డు సంగతి చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది. 'మట్టి ఇంకెక్కడా లేదా?'

ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదు.

జనవరి 30

వెళ్లిపోయింది, ఈయన బస్సులోనే. నాకు ఏదో ఎండు ఆకు పొట్లం ఇచ్చింది, వాము వాసన. చేపల పులుసులో వేశాను. ఈయన మాట్లాడకుండా తిన్నారు.

ఫిబ్రవరి 3

మూర్తిగారితో మురుగుకాలువ గట్టు మొత్తం నడిచాను. ఎప్పుడో కాలువ తవ్వినప్పుడు పోసిన పూడిక గట్టు పొడుగునా గుట్టలు గుట్టలుగా ఎండిపోయి ఉంది. మూర్తిగారు అడుగులతో కొలిచారు, పంచె పైకి కట్టి, తుమ్మముళ్లు తొక్కుతూ. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత సరదాగా ఎప్పుడూ లేదమ్మా అన్నారు.

గట్టు సగంలో ఆగిపోయాం. అక్కడి నుంచి కొబ్బరిచెట్లు. గట్టు పంచాయతీదే. చెట్లు వెంకటరత్నం గారివి.

ఫిబ్రవరి 7

ఇంజినీరు గారు వచ్చి గట్టు మట్టి పిడికిట్లో నలిపి చూశారు. మెరకకి పనికొస్తుంది అన్నారు. రాసిస్తారా అన్నాను. రాసిచ్చారు.

ఫిబ్రవరి 9

వెంకటరత్నం గారి అల్లుడు బస్సులో ఈయనతో అన్నాడట, మీ ఆవిడకి తెల్లావిడ వచ్చి వెళ్లిన దగ్గర్నుంచి కళ్లు నెత్తికెక్కాయని. మీరేమన్నారు అని అడిగాను. టిక్కెట్టు తీసుకోండి అన్నాను, అన్నారు.

ఫిబ్రవరి 10

గ్రామసభ శుక్రవారం. చాటింపు వేయించాను. మినుముల పని మీద ఉన్న ఆడవాళ్లు కూడా రావాలని రెండుసార్లు చెప్పించాను.

ఫిబ్రవరి 14

వరసగా రాయాలి.

బడి వరండాలో. మగవాళ్లు బెంచీల మీద, ఆడవాళ్లు కింద, చేల నుంచి నేరుగా వచ్చారు, జుట్టంతా దుమ్ము. ఎప్పుడూ పదిమంది రారు. ఇవాళ లెక్కపెట్టలేదు.

మూర్తిగారు కాయితం చదివారు. స్థలం పేరు దగ్గర దగ్గారు. నేను గట్టు మట్టి సంగతి చెప్పాను. అల్లుడు గారు లేచి, దిబ్బయితే రెండు వారాల్లో అయిపోద్ది, గట్టు మీద చెట్లు కొట్టాలి, దారి చేసుకోవాలి, వానలొచ్చేస్తాయి అన్నాడు. అదీ న్యాయమే. జనంలో గుసగుస. రోడ్డు పోద్దేమో అని వెనక నుంచి ఎవరో.

అప్పుడు అతనే ఇంకో మాట అన్నాడు. 'అసలు ఆ దిబ్బ పేరు ప్రెసిడెంటు గారిని ఒక్కసారి చెప్పమనండి. పేరే చెప్పలేనిదాని మీద తీర్మానం ఏంటండీ?'

బెంచీల మీద నవ్వులు. కింద కూర్చున్నవాళ్లు తలలు దించుకున్నారు. ఒక్కొక్క తల దిగడం చూశాను. మా ప్రసన్న తల మాత్రం దిగలేదు. నన్నే చూస్తోంది.

లేచాను. బల్ల పట్టుకున్నాను.

'లంజదిబ్బ' అన్నాను.

కొమ్మ మీద కాకి అరుపు వినిపించింది.

'రికార్డులో ఉన్న పేరు అదే. మూర్తిగారూ, రాసుకోండి. అక్కడ ఒకప్పుడు ఆడవాళ్లు చదువుకునేవారట, అందుకే ఆ పేరు పెట్టారట. నిజమో కాదో నాకు తెలీదు. డెబ్బై ఏడు ఉప్పెన రోజు మన ఊరు ఎక్కి కూర్చున్నది మాత్రం దాని మీదే. అది అందరికీ తెలుసు.'

నిలబడ్డాను అంతే. వెనక నుంచి నాంచారమ్మ గొంతు. లేవలేదు, కూర్చునే అడిగింది.

'రత్నం బాబూ. ఆ రోజు నీళ్లలో పోతుంటే నా జుట్టు పట్టి పైకి లాగింది నువ్వేగా. ఎక్కడికి లాగావో చెప్పు వాళ్లకి.'

వెంకటరత్నం గారు కండువా తీసి మొహం తుడుచుకున్నారు. ఎంతసేపో. అల్లుడు ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

'అక్కడికే' అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, 'గట్టు మట్టి సరిపోద్దంటావా అమ్మా?'

సరిపోతుందని ఇంజినీరు గారు రాసిచ్చారు బాబాయి గారూ, మీ కొబ్బరిచెట్లు మాత్రం... అన్నాను. ఆయన చెయ్యి ఊపారు, ఈగని తోలినట్టు.

చేతులెత్తమన్నాను. మొదట నాంచారమ్మ చెయ్యి. తర్వాత కింద కూర్చున్న వరసలన్నీ. గాజులన్నీ ఒక్కసారి మోచేతుల దాకా జారిన చప్పుడు. ఏ సభలోనూ ఆ చేతులు లేవడం నేను చూడలేదు. బెంచీలు కాస్త ఆలస్యంగా లేచాయి.

ఇంటికి వస్తుంటే దారంతా ఆడపిల్లలు ఆ పేరు అరుచుకుంటూ పరిగెత్తారు. తల్లులు తిడతారనుకున్నాను. తల్లులూ నవ్వుతున్నారు.

ఫిబ్రవరి 15

గొంతు పూర్తిగా పోయింది. ఈయన అల్లం కషాయం కాచి ఇచ్చారు. ప్రెసిడెంటు గారూ అని పిలిచారు. ఎగతాళి లేకుండా.

ఫిబ్రవరి 24

గట్టు మీద చెట్లు కొడుతుంటే వెళ్లాను. వెంకటరత్నం గారు తనే నిలబడి కొట్టిస్తున్నారు. ఒక బొండం చెక్కించి నా చేతికిచ్చారు. ఉప్పెనలో పోయిన తన ఇద్దరు పిల్లల సంగతి చెప్పారు. వాళ్లని దిబ్బ దాకా తెచ్చాను అన్నారు. ఒక చేత్తో వాళ్లు, ఒక చేత్తో నాంచారమ్మ... అంతవరకే చెప్పారు. ఆ తర్వాత ఎప్పుడూ దిబ్బ ఎక్కలేదట. తవ్వేస్తే కళ్లకి కనబడదు కదా అనుకున్నాను అమ్మా అన్నారు.

నేను బొండం తాగేదాకా ఆయన కదల్లేదు.

మార్చి 16

ఆదివారం ఆరాధన అయ్యాక దిబ్బ మీద తుమ్మ పొదలు కొట్టాం. గుడి వీధి ఆడవాళ్లూ వచ్చారు. వెంకటరత్నం గారి భార్య మజ్జిగ బిందె పంపించింది. గుండ్రటి గోడ పావువంతు బయటపడింది. నాంచారమ్మ తన రాయి ఇవ్వనంది. ఇంకోటి తెచ్చిస్తే ఆలోచిస్తా అంది. ఈయన బందరు నుంచి బస్సు టాపు మీద కొత్త ఉతుకుడు రాయి తెచ్చారు. గరుకు చాల్లేదంది.

ఏప్రిల్ 11

సర్కారు పాతరాళ్ల శాఖ నుంచి ఒకాయన వచ్చారు. దిబ్బ చుట్టూ తాడు కట్టారు, ఫోటోలు తీశారు. చాలా పాతదే అన్నారు. ఎంత అంటే, తవ్వితే గానీ తెలీదు అన్నారు. ఎప్పుడు తవ్వుతారు అంటే, తాడు జాగ్రత్తగా చూసుకోండమ్మా అన్నారు.

ఏప్రిల్ 12

మేకలు తాడు తినేశాయి.

మే 29

మెరక పూర్తి. కంకర పడింది. బస్సు ఊళ్లోకి వచ్చింది, మొదటిసారి. కండక్టరు ఈయనే. ఫుట్‌బోర్డు మీద నిలబడి, పెళ్లికొడుకులా. నెలలు నిండినప్పుడు మంచం మీద వెళ్లిన పిల్ల, చంకలో కొడుకుతో ముందు సీట్లో కూర్చుంది. కోడూరు దాకా వెళ్లి, అక్కడ దిగకుండా, అదే బస్సులో తిరిగొచ్చింది. ఎందుకే అంటే, ఊరికే అంది.

జూన్ 20

గ్రీకు దేశం నుంచి కవరు. స్టాంపుల కోసం పోస్ట్‌మాన్ ఇంట్లో పిల్లలు ముందే బుక్ చేసుకున్నారు.

నేనూ ఎవాంగెలియా నాంచారమ్మతో తీయించుకున్న ఫోటో ఉంది అందులో. వాళ్ల మునిసిపాలిటీ ఆఫీసులో గోడకి పెట్టారట, పాలరాతి మనిషి పక్కన. ఇంకో కాయితం, సీలు వేసింది. ప్రసన్న రెండుసార్లు చదివింది. వచ్చే ఎండాకాలం వాళ్ల పాత నాటకశాల రాతి మెట్ల మీద నాటకం ఆడే రోజులకి మన ఊరి ప్రెసిడెంటు రావాలని వాళ్ల సభ తీర్మానం చేసింది. అందరూ చేతులెత్తారట. వానపడితే నాటకం ఉండదు, భోజనం ఉంటుంది అని కింద చేత్తో రాసింది.

విజయవాడ దాటి వెళ్లింది ఒక్కసారే, గుంటూరు ఆస్పత్రికి. ఈయన లేచి అటక మీద సూట్‌కేసు దించి దులపడం మొదలుపెట్టారు. ఇంకా ఏడాది ఉందండీ అంటే, దుమ్ము చాలా ఉంది, అన్నారు.

జూన్ 27

నాంచారమ్మ వచ్చి అడిగింది, అక్కడ బట్టలు దేని మీద ఉతుకుతారో చూసి రమ్మని. వెళ్తానో లేదో ఇంకా తెలీదు అన్నాను. ఎందుకు వెళ్లవు అంది.

జూలై 9

పాస్‌పోర్టు ఫారం. ప్రసన్న బందరు నుంచి తెచ్చింది. ఇంటి పేరు, ఊరు, మొగుడి పేరు. బరబరా రాసేశాను. చేసే పని దగ్గర కాసేపు ఆగి, ప్రెసిడెంటు అని రాశాను.

పుట్టిన తేదీ.

బడి సర్టిఫికెట్లో జూలై ఒకటి ఉంది. మా పంతులు గారు క్లాసులో పిల్లలందరికీ జూలై ఒకటే వేశారు. అది చాలమ్మా, రాసెయ్యి, అంటోంది ప్రసన్న. చాలునేమో. కానీ అమ్మ ఒకసారి అంది, నువ్వు పుట్టిన పొద్దున చేలో మంచు ఎంత ఉందంటే మంత్రసాని దారి తప్పిందని. జూలైలో మంచు ఎక్కడిది...

అమ్మ ఇంకా బంటుమిల్లిలో మా పుట్టింట్లోనే ఉంటుంది. మతిమరుపు వస్తోందని తమ్ముడు అంటున్నాడు. కొన్ని రోజులు నన్ను గుర్తుపడుతుంది, కొన్ని రోజులు పట్టదు.

ఫారం బల్ల మీదే ఉంది. ఆ గడి ఒక్కటి వదిలేశాను. పొద్దున మొదటి బస్సుకి బంటుమిల్లి వెళ్తున్నాను.